నెల్లూరు చేపల పులుసు ఇంట్లో కుదరాలంటే: చేప కొనడం దగ్గర్నుంచి మర్నాటి దోసెల దాకా

"ముక్క విరిగిపోతోంది", "పులుసు పచ్చివాసన వస్తోంది", "హోటల్లో తిన్న చిక్కదనం ఇంట్లో రావట్లేదు". చేపల పులుసు గురించి అడిగేవాళ్లు తిప్పి తిప్పి ఈ మూడే అడుగుతారు. చాలావరకు మూడింటికీ కారణం ఒకటే, చేపనీ పులుసునీ కలిపి ఉడకబెట్టడం. మన వైపు పులుసు ముందు ఉడుకుతుంది, నూనె పైకి తేలేదాకా ఉడుకుతుంది, చేప చివర్లో పది పన్నెండు నిమిషాలకు మాత్రమే దాకలోకి దిగుతుంది. ఈ వరస తప్పకపోతే మిగతాదంతా ఉప్పు, కారం, పులుపు సరిచూసుకునే పనే.

కింద చెప్పిన కొలతలన్నీ శుభ్రం చేశాక కిలో ఉండే చేప ముక్కలకు. ఐదారుగురికి సరిపోతుంది.

1. ముందు టైం లెక్క వేసుకోండి

చేపల పులుసు వండిన వెంటనే తినే కూర కాదు. కనీసం మూడు నాలుగు గంటలు ఊరాలి. మధ్యాహ్నం భోజనానికి కావాలంటే పొద్దున ఎనిమిదికల్లా దించేయాలి, లేదా ముందురోజు సాయంత్రమే వండి పెట్టుకోవాలి. చుట్టాలు పన్నెండున్నరకి వస్తారని పదకొండింటికి చేపలు తెచ్చి టెన్షన్ పడే బదులు, ఆ రోజుకి వేపుడు చేసేయడం మేలు.

2. ఏ చేప, ఎప్పుడు, ఎలా కొనాలి

మొదటిసారి వండేవాళ్లు బొచ్చె గానీ, రోహు గానీ తీసుకోండి. ఇవి చెరువు చేపలు, ముక్క పెద్దగా ఉంటుంది, ఒక నిమిషం అటూ ఇటూ అయినా ఓర్చుకుంటాయి. ముల్లు ఎక్కువని పిల్లలు గొడవ చేస్తారు, అంతే.

కొరమేను పులుసుకి రాజు అని అందరూ అంటారు, నాకూ అభ్యంతరం లేదు. ముల్లు తక్కువ, ముక్క గట్టి, ఉడికినా చెదరదు. కాకపోతే ఖరీదు, పైగా తొట్లో బతికున్నదే కొనాలి. చచ్చిన కొరమేను చవగ్గా ఇస్తామంటే ఎప్పుడు చచ్చిందో మనకు తెలియదు, వదిలేయండి.

వంజరం, చందువ లాంటి సముద్రం చేపలు పులుసుకి బాగుంటాయి గానీ తొందరగా ఉడుకుతాయి. బొమ్మిడాయిలు ఇంకా సున్నితం. చేయి తిరిగాక వాటి జోలికి వెళ్లండి.

ఇక్కడ కాలం సంగతి ఒకటి చూసుకోవాలి. మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, ఇంజన్ బోట్లు సముద్రంలోకి వెళ్లవు. మైపాడు వైపైనా, కృష్ణపట్నం వైపైనా, ఒంగోలు వాళ్లకు దగ్గరగా ఉండే కొత్తపట్నంలోనైనా అదే పరిస్థితి. ఆ రెండు నెలల్లో మార్కెట్లో కనిపించే పెద్ద సముద్రం చేప చాలావరకు ఐసులో ఉన్న సరుకో, దూరం నుంచి వచ్చిందో అయి ఉంటుంది. సరిగ్గా అప్పుడే పుల్ల మామిడికాయలు దొరుకుతాయి. అందుకే మామిడికాయ పులుసు పెట్టాలనుకుంటే చెరువు చేప తీసుకోండి, వంజరం కోసం వెతుక్కోవద్దు.

కొనేటప్పుడు చూడాల్సినవి:

- మొప్పలు ఎత్తి చూడండి. ఎర్రగా, తడిగా ఉండాలి. గోధుమ రంగులోకి తిరిగితే వద్దు.
- కళ్లు ఉబ్బెత్తుగా, నిగనిగలాడుతూ ఉండాలి. లోపలికి పోయి తెల్లబడితే పాత చేప.
- వేలితో నొక్కితే గుంట పడి ఉండిపోకూడదు, వెంటనే పైకి రావాలి.
- పొట్ట బిగువుగా ఉండాలి, పగిలి ఉండకూడదు.
- వాసన ముక్కు పగిలేలా ఘాటుగా ఉంటే ఎంత తగ్గించి ఇచ్చినా తీసుకోవద్దు.

కోయించేటప్పుడు నోరు తెరిచి చెప్పాలి. "అక్కా, పులుసుకి, వేలు మందం కొట్టు" అంటే చాలు, లేకపోతే వేపుడుకి కొట్టినట్టు పలచగా కొట్టేస్తారు, ఆ ముక్క పులుసులో నిలవదు. ఒక్కో ముక్క రెండు సెంటీమీటర్లకు తగ్గకూడదు. తలకాయ పారేయనివ్వకండి, రెండుగా చీల్చి మొప్పలు తీసేయమనండి. పులుసుకి సగం రుచి తలకాయ నుంచే వస్తుంది. కడుపులో ఆకుపచ్చగా ఉండే చేదు తిత్తి పగలకుండా తీయమని కూడా చెప్పండి. అది పగిలిందంటే చుట్టుపక్కల ముక్కలన్నీ చేదెక్కుతాయి.

3. కడగడం

మార్కెట్లో శుభ్రం చేసి ఇచ్చినా ఇంట్లో మళ్లీ కడగాల్సిందే. రాళ్లుప్పు ఒక గుప్పెడు, పసుపు కొంచెం వేసి ముక్కల్ని చేత్తో రుద్ది, రెండు మూడు నీళ్లు మార్చండి. వెన్నుముల్లు పక్కన నల్లగా గడ్డకట్టిన నెత్తురు ఉంటుంది, దాన్ని వేలితో గీకి తీసేయాలి. నీచువాసన ఎక్కువగా వచ్చేది అక్కడి నుంచే. కొరమేనుకి జిగురు ఎక్కువ, ఉప్పుతో పాటు కాస్త బియ్యప్పిండి వేసి రుద్దితే పోతుంది.

చెరువు చేపకి ఒక్కోసారి బురద వాసన ఉంటుంది. పలచటి పుల్ల మజ్జిగలో పది నిమిషాలు ఉంచి కడిగేయండి, లేదా ఒక నిమ్మచెక్క పిండి రుద్దండి. అంతకంటే ఎక్కువసేపు నానబెడితే ముక్క మెత్తబడుతుంది.

కడిగాక నీళ్లు పూర్తిగా వంచేసి, ఒక చిన్న చెంచా ఉప్పు, పావు చెంచా పసుపు, ఒక చెంచా కారం పట్టించి పక్కన పెట్టండి. ఇరవై నిమిషాలు చాలు. ఇక్కడ వేసిన ఉప్పుని లెక్కలో గుర్తుపెట్టుకోండి.

4. పొడి

బజార్లో దొరికే చేపల మసాలాలో లవంగం, చెక్క ఎక్కువగా ఉంటాయి, వాటితో చేస్తే అది ఇంకో కూర అవుతుంది. మన పులుసుకి కావలసింది ఇదే:

- ధనియాలు రెండు పెద్ద చెంచాలు
- జీలకర్ర ఒక చిన్న చెంచా
- మెంతులు అర చిన్న చెంచా
- ఆవాలు అర చిన్న చెంచా
- మిరియాలు ఐదారు గింజలు (లేకపోయినా నడుస్తుంది)
- తెల్లగడ్డ (వెల్లుల్లి) రెబ్బలు పది

అన్నీ ఒకేసారి బాణలిలో పోసి వేయించకండి. ధనియాలు విడిగా, మిగతావి విడిగా, సన్న సెగ మీద. మెంతుల దగ్గరే నిలబడండి, ఫోన్ పక్కన పడేయండి. అవి బంగారు రంగు దాటి ఎర్రబడగానే పళ్లెంలోకి తీసేయాలి, ఎందుకంటే బాణలి వేడికి ఇంకాస్త వేగుతాయి. నల్లబడితే ఆ వాయి పారేసి మళ్లీ వేయించుకోండి, ఆ చేదుకి తర్వాత మందు లేదు.

చల్లారాక కాస్త బరకగా కొట్టుకొని, చివర్లో తెల్లగడ్డలు వేసి ఒక్కసారి నలిపితే చాలు.

5. చింతపండు, మామిడికాయ

మామిడికాయ వేస్తే చింతపండు 50 గ్రాములు, వేయకపోతే 75 నుంచి 80 గ్రాములు. కానీ తూకం ఒక్కటే నమ్ముకోవద్దు. నల్లబడ్డ పాత చింతపండు రంగు ఎక్కువ ఇస్తుంది, కొత్తది ఎర్రగా ఉండి పులుపు సూటిగా తగులుతుంది. మీ డబ్బాలో ఉన్నదేదో దాని రసం నాలుక మీద వేసుకొని చూసుకోండి.

వేడినీళ్లలో అరగంట నానబెట్టి, గట్టిగా పిసికి, ఈనెలు, గింజలు, ఇసుక లేకుండా వడకట్టండి. మొత్తం పులుసు నీళ్లు ముప్పావు లీటరు దాటకూడదు. పలచగా అనిపిస్తే తర్వాత పోసుకోవచ్చు, ఎక్కువైన నీళ్లని ఇంకించడానికే ప్రాణం పోతుంది.

మామిడికాయ ఒకటి, మధ్యస్థంగా ఉన్నది. తోలు తీయకండి, తోలుంటేనే ముక్క విడిపోకుండా ఉంటుంది. టెంకతో సహా ఆరు పెద్ద ముక్కలుగా కొట్టుకోండి. తోతాపురి అయితే పులుపు తక్కువ, ఇంకో పది గ్రాములు చింతపండు కలుపుకోండి. కాయ లోపల పసుపు రంగుకి తిరిగి తీపెక్కుతుంటే పులుసుకి వద్దు, ఉప్పూ కారం అద్దుకొని తినేయండి.

6. గిన్నె

వెడల్పుగా ఉండాలి, ముక్కలన్నీ ఒకే వరసలో పట్టాలి. ఇది మట్టి దాక కన్నా ముఖ్యం. ఇరుకు గిన్నెలో ముక్క మీద ముక్క పడితే కిందిది చితుకుతుంది, పైది ఉడకదు.

మట్టి దాక ఉంటే మంచిదే, వేడిని పట్టి ఉంచుతుంది, దించాక కూడా పులుసు సన్నగా ఉడుకుతూనే ఉంటుంది. కొత్త దాకని నేరుగా పొయ్యెక్కించకండి. ఒక రాత్రంతా నీళ్లలో ముంచి, మర్నాడు గంజి పోసి సన్న సెగ మీద కాచి, ఆరబెట్టాక వాడండి. దాక లేకపోతే అడుగు మందంగా ఉన్న స్టీలు గిన్నె. పూత లేని అల్యూమినియం, ఇనుప బాణలి వద్దు, చింతపండు పులుపు వాటిని తింటుంది, రుచిలో లోహం తెలుస్తుంది.

7. పొయ్యి వెలిగించేముందు చూసుకోవాల్సినవి

- ముక్కలకు ఉప్పు, కారం, పసుపు పట్టించి ఉన్నాయి
- చింతపండు రసం వడకట్టి ఉంది
- పొడి కొట్టి ఉంది
- ఎర్రగడ్డలు (ఉల్లిపాయలు) మూడు, సన్నగా తరిగినవి
- టమాటాలు పండినవి మూడు, తరిగినవి లేదా చేత్తో చిదిమినవి
- పచ్చిమిరపకాయలు ఐదు, నిలువుగా చీల్చినవి
- కరివేపాకు రెండు రెమ్మలు, కొత్తిమీర ఒక చిన్న కట్ట
- నువ్వుల నూనె 100 మిల్లీలీటర్లు (వేరుశనగ నూనెతోనూ చేయవచ్చు, వాసన మారుతుంది)
- కారం రెండున్నర పెద్ద చెంచాలు, ఉప్పు రెండు, రెండున్నర చిన్న చెంచాలు

నూనె చూసి భయపడేవాళ్లు 75 మిల్లీలీటర్లకు తగ్గించుకోండి. అంతకన్నా తగ్గిస్తే పచ్చివాసన పోవడానికి చాలాసేపు పడుతుంది. పులుసు నిల్వ ఉండేదీ తగ్గుతుంది.

8. వండే వరస

మొదటిది: నూనె కాగాక అర చెంచా ఆవాలు, నాలుగు మెంతి గింజలు, కరివేపాకు. చిటపటలాడగానే ఎర్రగడ్డలు, పచ్చిమిర్చి, చిటికెడు ఉప్పు. మధ్య సెగ మీద ఎనిమిది నుంచి పది నిమిషాలు, అంచులు ఎర్రబడేదాకా వేయించాలి. తెల్లగా ఉండగానే తొందరపడితే పులుసు పలచగా, తియ్యగా వస్తుంది.

రెండోది: టమాటాలు వేసి, తోలు విడిపోయి గుజ్జయ్యేదాకా మూతపెట్టి మగ్గించండి. నూనె పక్కలకు వదలాలి.

మూడోది: సెగ తగ్గించి పసుపు, కారం వేసి అర నిమిషం తిప్పండి. కారం మాడితే రంగూ రుచీ రెండూ పోతాయి, అందుకే పెద్ద సెగ మీద ఈ పని చేయకూడదు.

నాలుగోది: చింతపండు రసం, ఉప్పు వేసి సెగ పెంచండి. ఇక్కడ ఓపిక కావాలి. మూత లేకుండా పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు తెర్లనివ్వండి. గుర్తులు మూడు. పచ్చివాసన పోతుంది, బుడగలు చిన్నవి నుంచి పెద్దవై నెమ్మదిస్తాయి, అంచుల వెంట నూనె ఎర్రగా తేలుతుంది. ఈ మూడూ కనిపించేదాకా చేప వైపు చూడొద్దు. ఉప్పు, పులుపు, కారం ఇప్పుడే రుచి చూసి సరిచేసుకోండి. పులుసు ఈ దశలో మామూలు కన్నా కాస్త ఘాటుగానే ఉండాలి, ముక్కలు పడ్డాక తగ్గుతుంది.

ఐదోది: ముందు తలకాయలు, తోకలు. రెండు నిమిషాల తర్వాత నడిమి ముక్కలు, ఒక్కొక్కటిగా, పక్కపక్కన పేర్చినట్టు వేయండి. ముక్కలు మునిగీ మునగనట్టు పులుసు ఉండాలి. సెగ మధ్యస్థానికి తగ్గించండి.

ఆరోది: ఇక గరిటె పెట్టకండి. కలపాలనిపిస్తే గిన్నెని రెండు చేతులా గుడ్డతో పట్టుకొని అటూ ఇటూ తిప్పండి. ఇంట్లో పెద్దవాళ్లు పదేపదే చెప్పేది ఇదే, కొత్తగా వండేవాళ్లు వినకుండా చేసేదీ ఇదే.

ఏడోది: ముక్కలు వేసిన మూడు నాలుగు నిమిషాలకు మామిడికాయ ముక్కలు సందుల్లో దోపండి. ముందే వేస్తే కాయ కరిగి గుజ్జవుతుంది, ఇప్పుడైతే మెత్తబడి ముక్క ముక్కగానే ఉంటుంది.

ఎనిమిదోది: చేప దించే టైం. నడిమి ముక్కలు వేసినప్పటి నుంచి లెక్క. బొచ్చె, రోహు, కొరమేను పది నుంచి పన్నెండు నిమిషాలు. వంజరం, చందువ ఏడెనిమిది. వీటిలో మామిడికాయ వేయాలంటే చేపతో పాటే వేసేయండి. బొమ్మిడాయిలైతే ఐదారు నిమిషాలకే అయిపోతాయి, మామిడికాయని చేప కన్నా రెండు నిమిషాల ముందే వేయాలి. ముక్క మీద తెల్లగా అయి, వెన్నుముల్లు దగ్గర మాంసం విడిపోవడం మొదలైతే ఉడికినట్టే.

తొమ్మిదోది: పొడి చల్లి, గిన్నె తిప్పి, రెండు నిమిషాలు సన్న సెగ. కొత్తిమీర వేసి పొయ్యి ఆపేయండి. ముందే పొడి వేసి ఉడికిస్తే మెంతి చేదు దిగుతుంది, వాసన ఆవిరైపోతుంది.

9. ఊరబెట్టడం

వేడి మీద గట్టి మూత పెట్టొద్దు, ఆవిరి నీళ్లు పులుసులో పడతాయి. పలచటి గుడ్డ కప్పి గోరువెచ్చగా అయ్యాక మూత పెట్టండి. మూడు నాలుగు గంటల్లో పులుసు ముక్కలోకి దిగుతుంది, చిక్కబడుతుంది.

మట్టి దాకలో రెండు మూడు రోజులు బయటే ఉంచేవాళ్లమని చెప్పేవాళ్లున్నారు. వాళ్లు పూటపూటకీ కాచి దించేవాళ్లు, ఆ మాట చెప్పడం మర్చిపోతుంటారు. మన ఎండల్లో ఆ సాహసం వద్దు. ఆ పూటకి కావలసింది తీసుకొని, మిగతాది చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టండి. తినేముందు కావలసినంత చిన్న గిన్నెలోకి తీసుకొని తెర్లేదాకా వేడి చేయండి. దాక మొత్తాన్ని మాటిమాటికీ పొయ్యెక్కిస్తే ముక్కలు పొడి అయిపోతాయి.

10. తేడా కొడితే

పులుపు ఎక్కువైంది: నీళ్లు పోసేయకండి. ఒక ఎర్రగడ్డ మెత్తగా రుబ్బి నూనెలో ఎర్రగా వేయించి కలపండి, చిటికెడు బెల్లం వేయండి. బెల్లం తీపి తెలిసిందంటే ఎక్కువైనట్టు.

పలచగా ఉంది: ముక్కల్ని వెడల్పు గరిటెతో జాగ్రత్తగా పళ్లెంలోకి తీసి, పులుసుని ఒక్కదాన్నే ఐదారు నిమిషాలు కాగనిచ్చి, మళ్లీ ముక్కలు వేయండి. శనగపిండి, మొక్కజొన్న పిండి కలిపే పని పెట్టుకోవద్దు.

ఉప్పు ఎక్కువైంది: బంగాళాదుంప వేస్తే ఉప్పు లాగేస్తుందన్న మాటని నేను నమ్మను, అది పీల్చుకునేది కొంచెం పులుసునే. ఉప్పు లేని చింతపండు రసం, టమాటా గుజ్జు కలిపి విడిగా కాచి పోయండి, పులుసు పెరిగి ఉప్పు తగ్గుతుంది.

పచ్చివాసన పోలేదు: ఇక్కడా ముక్కలు తీసి పులుసు కాచడమే. ముక్కలతో కలిపి ఉడికిస్తూ పోతే వాసన పోయేలోపు చేప చెదురుతుంది.

ముక్కలు విరిగిపోయాయి: వదిలేయండి, పిల్లలకు పెట్టేముందు ముళ్లు మాత్రం ఏరేయండి. రుచికి లోటేమీ ఉండదు.

11. పక్కన ఏం పెట్టాలి, ఏం తాగాలి

వేడి అన్నం సరే. ఉదయగిరి, కనిగిరి వైపు వాళ్లైతే రాగిసంగటిలోకి పోసుకుంటారు, అప్పుడు పులుసు కొంచెం పలచగా ఉంచుకోవాలి. ఇంకో కూర అక్కర్లేదు. కావాలంటే ఉత్త ముద్దపప్పు చేసి ఉంచండి, కారం తినలేనివాళ్లు కలుపుకుంటారు.

తాగడానికి మజ్జిగ అంటారేమో. చేపల మీద పెరుగు, మజ్జిగ తగలకూడదని చాలా ఇళ్లల్లో పట్టింపు ఉంది. పట్టింపు లేనివాళ్లు తాగుతూనే ఉన్నారు. వచ్చినవాళ్ల పద్ధతేంటో తెలియనప్పుడు సుగంధి నిమ్మ షర్బత్ పెట్టండి, గొడవ ఉండదు.

ఒక గ్లాసుకి:

- సబ్జా గింజలు అర చిన్న చెంచా, అర కప్పు మంచినీళ్లలో ఇరవై నిమిషాలు ముందే నానబెట్టినవి
- సుగంధి (నన్నారి) సిరప్ రెండు పెద్ద చెంచాలు
- నిమ్మకాయ సగం
- చిటికెడు ఉప్పు
- కుండ నీళ్లు ఒక గ్లాసు

సబ్జాని నేరుగా సిరప్ నీళ్లలో వేయొద్దు, తీపి నీళ్లలో సరిగ్గా ఉబ్బవు. ఉబ్బకుండా పిల్లలకు ఇవ్వొద్దు, గొంతులో పడతాయి. నిమ్మకాయని చివరి చుక్క దాకా నలపకండి, తోలు చేదు దిగుతుంది. మనకి పొదలకూరు మార్కెట్ పక్కనే ఉన్నా ఎండాకాలంలో నిమ్మ ధర కొండెక్కి కూర్చుంటుంది, అప్పుడు నలుగురికీ ఒకటిన్నర కాయ పిండినా సిరప్ వాసన మిగతాది చూసుకుంటుంది. నిమ్మరసం తాగేముందే కలపాలి, కలిపి గంటల తరబడి ఉంచితే చేదెక్కుతుంది.

12. మర్నాడు

దోసెలు పొయ్యండి. కరకరలాడే పలచటి దోసె కాదు, కొంచెం మందంగా, మెత్తగా ఉన్నదైతే పులుసుని పీల్చుకుంటుంది. మర్నాటికి పులుసు బాగా చిక్కబడి ఉంటుంది, వేడి చేసేటప్పుడు రెండు మూడు చెంచాల వేడినీళ్లు కలపాలి. ఇడ్లీలోకైతే ఇంకొంచెం ఎక్కువ.

రెండో రోజుకి ముక్కలు అయిపోయి పులుసు మిగిలితే పారబోయకండి. నాలుగు కోడిగుడ్లు ఉడకబెట్టి, నిలువునా గాట్లు పెట్టి, ఆ పులుసులో వేసి పది నిమిషాలు కాచండి. ఆ రాత్రితో మాత్రం దాన్ని ముగించేయండి.